నానబెట్టక ముందు బరువు

ఆ శనివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ల వెనక చెత్త వేసే డంప్‌స్టర్‌లోకి వెళ్లినవి ఇవి. తవుడులో కూరలు ఊరబెట్టే చెక్క తొట్టి ఒకటి. అందులో నలభై ఏళ్లుగా రోజూ చేత్తో కలుపుతూ పాడవకుండా కాపాడుకొచ్చిన తవుడు ముద్ద. దాని మీద బరువుకి పెట్టే నున్నటి రాళ్లు మూడు. ముల్లంగి తురుము ఎండబెట్టే వెదురు చేటలు నాలుగు. గాజు సీసాలు పంతొమ్మిది, వాటిలో నిండుగా ఉన్నవి పదకొండు. ఎండు పుట్టగొడుగుల సంచులు రెండు. నువ్వులు నూరే గరుకు గిన్నె ఒకటి, కర్రతో సహా. గోడవారన మట్టిలోంచి పీకేసిన ముల్లంగి మొక్కలు ఇరవై మూడు, ఇంకా గడ్డ ఊరనివి.

కార్లు నిలిపే చోట స్తంభం పక్కన నిలబడి లెక్కపెట్టాను. లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు. నా ఉద్యోగం గోదాములో స్టాకు చూడటం. ఎదురుగా సరుకు కదులుతుంటే నా వేళ్లు ఊరుకోవు.

పారేసినవాళ్లని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎవరైనా చేసేదే వాళ్లూ చేశారు. ఆ ఇల్లు ఖాళీ చేయాల్సిన అవసరం ఒక కాగితం వల్ల వచ్చింది. ఆ కాగితం తయారుచేసింది నేను.

గత నెల, ఆ ఇంట్లో ఉండిన పెద్దావిడ కొడుకు నుంచి ఈమెయిల్ వచ్చింది, ఎనిమిదేళ్ల తర్వాత. ఆమె పోయి ఆరేళ్లు దాటింది. ఆ సంగతి అప్పట్లో ఒక కార్డు మీద రాసి పంపాడు. ఇప్పుడు అడిగింది చిన్న విషయం. ఆయన కూతురు కాలేజీకి వెళ్లేలోగా నాయనమ్మ తిన్న తిండి వండి చూడాలనుకుంటోందట. “ఆ వారం మీరు రాసిన షీట్ ఇంకా ఉందా? అమ్మ ఏం తినేదో రాసిపెట్టి ఉన్నది లోకంలో అదొక్కటే” అని రాశాడు.

ఉంది. ఒకటి కాదు, రెండున్నాయి. రెండోది ఉన్నట్టు ఆయనకి తెలియదు.

నేను పోషకాహారం చదువుకున్నవాణ్ణి కాదు. నలభై మూడో ఏట షుగర్ బయటపడితే భయపడి ఒక కిచెన్ స్కేలు కొన్నాను. లైబ్రరీలో ఆహార పట్టికల పుస్తకం దొరికింది. ఏ పదార్థం వంద గ్రాములకి ఎంత పిండిపదార్థం, ఎంత ప్రోటీన్, ఎంత ఇనుము ఉంటుందో అందులో ఉంది. దాన్ని చూసి కంప్యూటర్‌లో పట్టిక కట్టుకున్నాను. మొదట నా ఇడ్లీ తూచాను. తర్వాత పెసరట్టు, ఆ తర్వాత మా ఆవిడ చేసే ప్రతి పప్పూ. ఏడాదిలో షుగర్ అదుపులోకి వచ్చింది. దానితోపాటు నాకు కాస్త పేరూ వచ్చింది. సన్నీవేల్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లు ఫోన్ చేసి అడిగేవారు.

“అన్నయ్యా, ఒక గారెలో ఎన్ని కేలరీలుంటాయ్?”

“ఎంత గారె?”

“మామూలు గారె.”

“మామూలు అనేది బరువు కాదమ్మా. తూచి చెప్పు.”

నవ్వేవాళ్లు. ఆ నవ్వులో ఉన్నది గౌరవమేననుకునేవాణ్ణి.

ఆమె మా వాటాకి కింద, ఏటవాలుగా ఉన్న వాటాలో ఒక్కతే ఉండేది. భర్త తోటమాలి, ఎప్పుడో పోయాడు. ఆయన పికప్ ట్రక్కు మాత్రం కార్లు నిలిపే చోటే నిలిచి ఉండేది. అది నడిచి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. దాని బానెట్టే ఆమె డాబా. దాని మీద చేటలు పరిచి ముల్లంగి తురుము ఎండబెట్టేది. ట్రక్కు తీసేయమని అపార్ట్‌మెంట్ల మేనేజర్ దాని అద్దానికి నోటీసు అంటించేవాడు. ఆ నోటీసు తీసి, చక్కగా నాలుగు మడతలు పెట్టి, చేట కదలకుండా దాని కింద ఎత్తుగా పెట్టేది.

జపాన్ నుంచి వచ్చిన పొట్టి మనిషి. నవ్వొస్తే ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, ఆ కొద్దితోనే అన్ని పనులూ నడిపించేది. తిండి ఎంత అని అడిగితే ఒకటే జవాబు, “చోట్టో.” వాళ్ల భాషలో కొంచెం అని. నువ్వులెంత? చోట్టో. ఉప్పెంత? చోట్టో. మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? చోట్టో.

మాకు పరిచయం కావడానికి కారణం మా అత్తగారు. ఆవిడది గోదావరి పక్క పల్లెటూరు. ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చారు. వచ్చిన రెండో రోజు పొద్దున్నే కిటికీలోంచి చూసి గట్టిగా కేకేశారు.

“అల్లుడుగారూ, ఇలా రండి! ఈవిడెవరో కారు మీద ఒరుగులు పెట్టిందండీ!”

“ముల్లంగి అండీ అది. జపాన్ వాళ్లు.”

“ఏ వాళ్లయితేనేంటండీ, ఒరుగులు ఒరుగులే. అటు పక్క ఎండ తగల్లేదు, తిప్పాలి.”

కిందికెళ్లి, అడగకుండానే తిప్పడం మొదలుపెట్టారు. ఆమె తలుపు తీసుకుని బయటికొచ్చింది. కాసేపు చూసింది. తర్వాత తనూ రెండో చేట తిప్పింది. ఆ సాయంత్రానికే మా అత్తగారు ఆవిణ్ణి “వదినగారు” అనడం మొదలుపెట్టారు. ఆమెకి ఆ మాట అర్థమైందో లేదో కానీ, పిలిచినప్పుడల్లా “హాయ్” అంటూ తల వంచేది. అది వాళ్ల భాషలో చిత్తం అనడమట.

వాళ్లిద్దరినీ కలిపింది ఎండబెట్టిన తిండే. మా అపార్ట్‌మెంట్‌లో ఎండు చేపలు వేయించడానికి మా ఆవిడ ఒప్పుకోదు. వాసన కార్పెట్‌కి పడితే పోదని ఆవిడ భయం. కింద ఆమె వంటింట్లో మాత్రం డబ్బా నిండా ఎండు చిరుచేపలుండేవి. అచ్చం మన ఎండు మెత్తళ్లే. రోజూ అవి వేసి నీళ్లు మరిగించి, ఆ నీళ్లతో చారు కాచేది. మా అత్తగారు ఆ డబ్బా చూసిన రోజున ఇంటికొచ్చి, “అమెరికా వచ్చినందుకు ఇవాళ్టికి నా ప్రాణం లేచొచ్చిందే అమ్మాయ్” అన్నారు.

ఆమె తిండిని బరువుతో కాక రకాలతో లెక్కపెట్టేది. చెయ్యి పూర్తిగా తెరిచి, బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ లోపలికి మడిచేది. పిడికిలి మూసుకుంటే అయిదు. మళ్లీ ఒక్కో వేలూ తెరిస్తే పది. “ఇవాళ పదమూడు” అని రాత్రి భోజనం కాగానే చెప్పేది. మా అత్తగారు పక్కన కూర్చుని వేళ్ల గణుపుల మీద లెక్కపెట్టి “పన్నెండేనండీ వదినగారూ” అనేవారు. అప్పుడామె ముల్లంగి ఆకు చూపించేది. గడ్డ ఒకటి, ఆకు ఒకటి. మా అత్తగారు ఒప్పుకునేవారు.

ఒకసారి నాతో అంది, “రోజూ కొండది ఒకటి, చేనిది ఒకటి, సముద్రానిది ఒకటి తినాలి. మా అమ్మ చెప్పేది.”

“మీది సముద్రం పక్క ఊరా?”

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “కాదు. కొండల్లో. నడిచి రెండు రోజులు. మా ఊరికి సముద్రం ఎండిపోయి వచ్చేది. మూటల్లో.”

అప్పుడు విని ఊరుకున్నాను. ఆ మాటలో నాకు కావలసిన లెక్క మొత్తం ఉందని అప్పుడు తెలియలేదు.

ఆ వసంతంలో ఆమె బాత్రూంలో జారిపడింది. దెబ్బేమీ తగల్లేదు కానీ, ఆస్పత్రిలో తూస్తే బరువు తగ్గిందన్నారు. కొడుకు దగ్గర్లోని ఫ్రీమాంట్ నుంచి రోజూ వచ్చేవాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, యాభై దాటింది. మంచివాడే, బాగా అలసిపోయి ఉన్నాడు. ఒకరోజు లాండ్రీ గదిలో నన్ను పట్టుకున్నాడు.

“మీరు తిండికి లెక్కలు కడతారట కదా. మా అమ్మది కడతారా?”

డాక్టర్ ఇచ్చిన ఫారం చూపించాడు. ఒక వారం తిన్నదంతా తూచి రాయాలి. ఆమె బరువుకి రోజుకి ఇంత ప్రోటీన్ ఉండాలని పైన ఒక అంకె వేసి ఇచ్చారు. ముప్పై అయిదు గ్రాములు.

“అమ్మ పాలు తాగదు. మాంసం ముట్టదు. ఎప్పుడు చూసినా ఆ ఎండిపోయిన చెత్తే తింటుంది. ఒక పెద్దవాళ్ల హోమ్‌లో గది ఖాళీ ఉంది. మా ఆవిడ చూసొచ్చింది. కానీ అమ్మకి మాటిచ్చాను. నంబర్లు బాగుంటే ఇక్కడే ఉంచుతాను. లేకపోతే పంపాలి. మీరు లెక్కల మనిషి, మీకు పక్షపాతం ఉండదు.”

ఆ చివరి మాట నాకెంత నచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ వారం రోజూ పొద్దున్న ఏడున్నరకి ఆఫీస్‌కి వెళ్లే ముందు ఆమె ఇంటికి వెళ్లాను. పట్టికలో ఉండేవి పచ్చి సరుకు అంకెలు కాబట్టి వండక ముందే తూచాలని నియమం పెట్టుకున్నాను. ఆమె ఉతికిన ఏప్రన్ కట్టుకుని, ఆ రోజు వండబోయేవన్నీ చిన్న చిన్న గిన్నెల్లో ట్రే మీద సర్ది సిద్ధంగా ఉండేది. పరీక్ష రాయబోయే పిల్లలా ఉండేది. స్కేలుకి తల వంచి నమస్కారం పెట్టేది. నేను మాటిమాటికీ గ్రాములు అంటుంటానని నాకు “గ్రామ్-సాన్” అని పేరు పెట్టింది. సాన్ అంటే గారు.

“ఇదేంటి?”

“టోఫు, గ్రామ్-సాన్.”

టోఫు అంటే సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీరు లాంటిది. పట్టికలో ఉంది. గిన్నెలో తెల్లగా, గట్టిగా చదరపు ముక్క ఒకటి ఉంది. స్కేలు మీద పెట్టాను. పదహారు గ్రాములు. ఇంత చిన్న ముక్క ఏం సరిపోతుందని మనసులో అనుకున్నాను, రాసుకున్నాను. ఏడు రోజులూ ఒక్కో ముక్క, ఏడు రోజులూ పదహారు గ్రాములు. నేను చూసింది అంకెని. ముక్కని చూడలేదు.

“ఇది?”

“డైకాన్.” ముల్లంగి. పది గ్రాములు. రాశాను.

“నువ్వులెంత?”

“చోట్టో.”

“ఎన్ని గ్రాములు?”

మూడు వేళ్లు కలిపి చూపించింది. “చోట్టో, మూడు సార్లు. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి.” ఆఫీస్‌కి టైమవుతోంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను. నా షీట్‌లో ఖాళీ గడి అంటే సున్నా.

చిరుచేపలు చారుకి. చారు కాచి వడకట్టిన నీటిని నీళ్లుగానే లెక్కపెట్టాలని ఫారం చెప్పింది. సున్నా.

రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర మా అత్తగారు నవ్వుతూ చెప్పారు. “వదినగారి దగ్గర గిన్నెలు తోమే స్పాంజీ లాంటిది ఉందే అమ్మాయ్. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే ఇంత లావు ఉబ్బింది. అది కూరండీ బాబూ!” మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆదివారం సాయంత్రం అన్నీ కూడి రోజుకి సగటు కట్టాను. మా అత్తగారు టీ తెచ్చి టేబుల్ మీద పెట్టారు.

“ఎంతొచ్చిందండీ మా వదినగారికి?”

“ఇరవై ఆరు.”

“ఎంత రావాలి?”

“ముప్పై అయిదు.”

“అదేంటండీ! ఆవిడకి తక్కువేంటి? నాకంటే గట్టి మనిషి. మొన్న పాతిక పౌన్ల బియ్యం సంచి ఆవిడే లేపింది, నేను చూస్తూ నిలబడ్డాను. చేపలు రాసేరా?”

“అవి చారుకండీ. తర్వాత పారేస్తారు.”

“ఎవరు పారేస్తారు? పారేస్తుంటే నేనూరుకుంటానా? నీళ్లు వంచేసేక పొయ్యి దగ్గరే నిలబడి ఇద్దరం తినేస్తాం. ఆవిడ పది, నేనో నాలుగు. తలకాయలతో సహా. నేను రాకముందూ రోజూ తినేదట.”

“పళ్లెంలో వడ్డించుకున్నదే లెక్కండీ అత్తయ్యగారూ. ఫారంలో అలాగే ఉంది. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి. మూడే గళ్లు.”

“పళ్లెంలోదా?” ఆవిడ నవ్వారు. “ఆడదాని తిండి పళ్లెంలో వెతికితే దొరుకుతుందేటండీ? మీ ఆవిణ్ణి అడగండి, పొద్దున్న దోశ ఎక్కడ తిందో.”

వంటింట్లోంచి మా ఆవిడ అంది, “పెనం దగ్గరే తిన్నా. నువ్వు చూళ్లేదులే.”

“లెక్కకి ఒక పద్ధతి ఉంటుందండీ. ఎవరికి తోచింది వాళ్లు కలుపుకుంటూ పోతే అది లెక్క కాదు” అన్నాను.

“సర్లెండి. చదువుకున్నోళ్లు” అని ఖాళీ కప్పు తీసుకుని వెళ్లిపోయారు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆవిడ చెప్పింది నాకు అర్థం కాక కాదు. తిన్నది తిన్నట్టే, నిలబడి తిన్నా కూర్చుని తిన్నా. ఆ సంగతి తెలియనంత మూర్ఖుణ్ణి కాను. కానీ చేపలు కలపాలంటే ఎన్ని తింటుందో చూడాలి, తూచాలి, ఇంకో వారం వెళ్లాలి. సోమవారం ఇస్తానని కొడుక్కి మాటిచ్చాను. పైగా షీట్ అందంగా వచ్చింది. గళ్లన్నీ సమంగా, రెండు రంగుల్లో, దశాంశాలతో ఉంది. అలాంటి దాన్ని, ఫారం అంటే ఏంటో తెలియని ముసలావిడ మాట మీద చెరపడానికి నాకు మనసొప్పలేదు.

సోమవారం సాయంత్రం కొడుకు షీట్ చదివాడు. చివరి వరస దగ్గర వేలు ఆపాడు. “ఇరవై ఆరు” అన్నాడు. భుజాలు దిగాయి. అది బాధ అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది ఊరట. ఇక అమ్మతో వాదించక్కర్లేదు, భార్యతో వాదించక్కర్లేదు. నిర్ణయం అంకె తీసుకుంది.

నెల తిరక్కుండా ఆమెను హోమ్‌కి పంపించారు. దానికి వారం ముందే మా అత్తగారి ఆరు నెలలూ అయిపోయి ఇండియా వెళ్లిపోయారు. తను బయల్దేరే రోజు ఆమె మా ఇంటికొచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నడుము దాకా వంగింది.

“గ్రామ్-సాన్, నా కోసం చాలా కష్టపడ్డారు. థాంక్యూ.”

చేతిలో బట్టలో చుట్టిన పొట్లం పెట్టింది. లోపల టోఫు పెట్టె ఒకటి ఉంది. అది తీసుకుని అల్మారాలో పెట్టాను. శనివారం డంప్‌స్టర్ దగ్గర నిలబడి పైన రాసినవన్నీ లెక్కపెట్టాను. అప్పటికి నా మనసులో తప్పు చేసిన భావమేమీ లేదు. పాపం, ఇన్ని సీసాలా, అనుకున్నానంతే.

మూడు వారాల తర్వాత మా ఆవిడ కూరకేమీ లేక ఆ పెట్టె తీసింది. “ఏవండీ, ఇది చూడండి” అని పిలిచింది. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు. అందులో ఆ గట్టి తెల్ల ముక్క స్పాంజిలా ఉబ్బుతోంది, మెత్తబడుతోంది, గిన్నె నిండుతోంది. నేను పెట్టె తిప్పి చూశాను. వెనక ఇంగ్లీషులో చిన్న కాగితం అంటించి ఉంది. ఒక ముక్క పదహారు గ్రాములు. ప్రోటీన్ ఎనిమిది గ్రాములు.

కొండల్లో చలికాలం టోఫుని గడ్డకట్టించి, నీరంతా పోయేదాకా ఎండబెట్టి దాచుకుంటారట. ఇది ఆ టోఫు. పచ్చి టోఫు పదహారు గ్రాములంటే ప్రోటీన్ ఒక్క గ్రాము. నేను ఎండిన ముక్కని తూచి, పచ్చి ముక్క అంకెతో గుణించాను. ముల్లంగి కూడా అంతే. అది ఒరుగులని మా అత్తగారు మొదటిరోజే కిటికీలోంచి చెప్పారు. గోదాములో పాతికేళ్లు పనిచేసినవాణ్ణి, నికర బరువేదో తడి బరువేదో తేడా తెలిసినవాణ్ణి, ఆమె ట్రే మీద ఏముందో ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడలేదు. పట్టుకుంటే దూదిలా తేలిగ్గా ఉండేది.

ఆ రాత్రే రెండో షీట్ మొదలుపెట్టాను. టోఫుకి ఏడు గ్రాములు కలిపాను. చేపల కోసం మా అత్తగారికి ఫోన్ చేశాను.

“ఆవిడ ఎన్ని తినేదన్నారు?”

“పదండీ. ఒక్కోరోజు పదకొండు. ఏం, ఇప్పుడు రాస్తారా? ఎలా ఉందండీ వదినగారు?”

“బాగుందండీ” అన్నాను. ఆమెను పంపేశారని చెప్పలేదు.

పది చేపలు తెచ్చి తూచాను. ఒక్కో దానికి గ్రాముకి కాస్త పైన. మరిగేటప్పుడు చారులోకి పోయేది కొంత ఉంటుందని తగ్గించి ఆరు గ్రాములు వేశాను. ముల్లంగి ఒరుగులకి ఒకటి. ఇక నువ్వులు మిగిలాయి. చోట్టో మూడు సార్లు. ఆ గడి నింపాలంటే ఆమె వేళ్లు కావాలి.

వెళ్లడానికి రెండు నెలలు పట్టింది. దూరం ముప్పై ఒక్క మైళ్లు. బ్యాగ్‌లో స్కేలు, అర పౌను నువ్వుల పొడి, రెండో షీట్ పెట్టుకున్నాను. చెప్పేయాలనే వెళ్లాను. కొడుక్కి కూడా ఆ సాయంత్రమే ఫోన్ చేయాలనుకున్నాను. ఆమె పాత వాటాలోకి అప్పటికి ఎవరూ రాలేదు. ఆ సంగతి మేనేజర్‌ని కనుక్కుని మరీ వెళ్లాను.

ఆమె కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ముందు మధ్యాహ్నం భోజనం ట్రే. మెత్తగా నలిపిన బంగాళదుంప, గ్రేవీలో చికెన్ ముక్క, డబ్బాలోని పీచ్ ముక్కలు, బ్రెడ్, పాలు. అంకెల ప్రకారం అది మంచి భోజనమే. ప్రోటీన్ ఎంత లేదన్నా ముప్పై ఉంటుంది. ఆమె దుంప సగం తింది, పీచ్ తింది. మిగతాది అలాగే ఉంది.

నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. చెయ్యి తెరిచి ఒక్కో వేలూ మడిచింది. “ఇవాళ నాలుగు. పాలు కలిపితే అయిదు. పాలు తాగితే కడుపునొప్పి.” చిటికెనవేలు మడవకుండా అలాగే ఉంచింది.

నేను స్కేలు బయటికి తీశాను. దానికి తల వంచింది.

“నువ్వులు. చోట్టో. చూపిస్తారా?”

ఎందుకని అడగలేదు. మూడు వేళ్లతో తీసి స్కేలు మీద వేసింది. రెండు గ్రాములు. ఇంకోసారి అన్నాను. రెండు. మళ్లీ. రెండు. పది సార్లు వేయించాను. ఒక్కసారి కూడా పావు గ్రాము అటూ ఇటూ కాలేదు. మూడు పూటలకీ ఆరు గ్రాములు, అందులో ప్రోటీన్ ఒక గ్రాము. కొలత లేదని నేను గడి ఖాళీగా వదిలేసిన మనిషి వేళ్లు నా స్కేలంత నిక్కచ్చిగా ఉన్నాయి. పదోసారి నేను తల పట్టుకుంటే ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కడికెళ్లాక నవ్వడం అదే మొదటిసారని గది తుడుస్తున్న అమ్మాయి చెప్పింది.

తర్వాత ఆమె నవ్వు ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“గ్రామ్-సాన్. ఒకటి అడగనా? నా నంబర్ ఎంత తక్కువైంది?”

షీట్ బ్యాగ్‌లో ఉంది. జిప్ తీసే ఉంది. తక్కువ కాలేదు అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలూ అంటే తర్వాత ఏం జరుగుతుందో ఒక్కొక్కటే లెక్క కనపడింది. ఆమె కొడుకుని పిలుస్తుంది. కొడుకు నా మొహం చూస్తాడు. పక్షపాతం లేని లెక్కల మనిషి. సన్నీవేల్‌లో గారెలు తూచి చెప్పే మనిషి.

“చోట్టో” అన్నాను.

ఆమె చాలాసేపు తల ఊపింది. “చోట్టోనా,” అంది. “అయితే నా తప్పే. ఇంకో చోట్టో తినాల్సింది.”

స్కేలు సర్దుకుని వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. తర్వాతి నెల ఆ వాటాలోకి ఎవరో కుర్రజంట వచ్చారు.

ఆమె అక్కడ ఏడాదిన్నర పైగా ఉంది. ఆ తిండి వల్లే పోయిందని అనను. ఎనభై మూడేళ్లు. నాకు అందని దాన్ని లెక్కలోకి తేకూడదు. కానీ ఆ ఏడాదిన్నరా ఆమె తన వంటింట్లో, తన పొయ్యి దగ్గర నిలబడి ఉండాల్సింది. అది మాత్రం నాకు అందే లెక్కే.

మా అత్తగారు ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు అడుగుతారు, “మా వదినగారి ట్రక్కు ఉందా ఇంకా?” అని. ఉందంటాను. వదినగారు పోయిన సంగతీ ఆవిడకి చెప్పలేదు.

కొడుకు అడిగిన షీట్ విషయానికొస్తే, మొదటిది పంపితే ఆ పిల్ల పదహారు గ్రాముల పచ్చి టోఫు కొనుక్కొచ్చి, నాయనమ్మ ఇంతేనా తినేది అనుకుంటుంది. రెండోది పంపితే వంట సరిగ్గానే వస్తుంది. కానీ దాని చివరి వరస ఆ తండ్రి చదువుతాడు. అమ్మకి మాటిచ్చినవాడు, నంబర్లు బాగుంటే ఇక్కడే ఉంచుతానన్నవాడు చదువుతాడు. నా సిగ్గు ఒక్కటే అయితే ఈపాటికి పంపేవాణ్ణేమో. ఆ కాగితం ఆయనకీ కొంత సిగ్గు పంచిపెడుతుంది. ఆయనకి ఇప్పుడు అరవై దగ్గరపడింది. ఇలా అనుకుని నాకు నేను దయగలవాడిలా కనిపిస్తాను. వెంటనే అదీ అబద్ధమేనని తెలుస్తుంది.

“వెతుకుతున్నాను, పాత కంప్యూటర్‌లో ఉండాలి” అని జవాబిచ్చాను. ఆయన వెంటనే థాంక్యూ అని రాశాడు. తల్లి లాగే.

ఇదంతా తెలుగులో రాశాను. ఆయనకి తెలుగు రాదు. ఆ సంగతి తెలిసే రాశాను.

ఆమె రోజుకు తిన్నది ఇరవై ఆరు గ్రాములు కాదు, నలభై ఒకటి. తేడా పదిహేను. అది ఆయనకి నేను ఇంకా చెప్పలేదు.